అడిగితే కదా తెలిసేది



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఎవరి ఇంట్లోనైనా మనిషి పోతే పలకరించడానికి వెళ్లే పద్ధతి ఇంకా నిలిచే ఉంది. వెళ్లినవాళ్లు అరుగు మీదనో, షామియానా కింద వేసిన కుర్చీల్లోనో కూర్చుంటారు. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు మెల్లగా "ఎట్లయిందిమ్మా?" అంటారు. ఇంటామె మొదటి నుంచి చెప్పుకొస్తుంది. జ్వరం ఏ దినం తగిలింది, ముందు ఏ ఆసుపత్రికి తీసుకపోయినారు, డాక్టరు ఏమన్నాడు, కడపకు రాసిస్తే దారిలో ఎక్కడ చెయ్యి చల్లబడింది, ఆఖరున నీళ్లు అడిగినాడా, కొడుకును అడిగినాడా. గంట తర్వాత ఇంకో ఊరి నుంచి ఇంకో ఆటో దిగుతుంది. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ మొదటి నుంచి అదే కథ. పట్నంలో చదువుకుంటున్న పిల్లలకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషిని మళ్లీ మళ్లీ ఏడిపించడమెందుకని విసుక్కుంటారు కూడా. నాకు మాత్రం, సాటి మనిషి బాధను పంచుకోవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం కనిపించదు. వచ్చినవాళ్లకు జరిగిందేమిటో ఫోనులోనే తెలిసిపోయింది. అయినా తెలిసినట్టు మాట్లాడరు, అడుగుతారు. అడిగి, ఆమె చెప్పడం అయిపోయేదాకా లేవరు. ఓదార్పు మాటలు అక్కడ చాలా తక్కువ. ఆ కాస్త కూడా చివర్లోనే వస్తాయి. సహానుభూతి అంటే ఎదుటివాళ్ల మనసును మన ఊహతో పట్టేయడమని అనుకుంటాం గానీ, నిజానికి అది అడగడంలో, ఆగడంలో ఉందని ఈ ప్రసంగంలో చెప్పబోతున్నాను. చావింటి ముందు మనకు ఇంత బాగా చేతనైన ఈ పని ఆసుపత్రిలో, ఆఫీసులో, ఫోనులో, ఆఖరికి సొంత వంటింట్లో ఎందుకు చేతకావడం లేదన్నదే అసలు ప్రశ్న.

"ఆ స్థానంలో నువ్వుంటే తెలుస్తుంది" అని మన ఇళ్లలో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మాట వరసకు అన్నా, అందులో గట్టి నమ్మకమే ఉంది. మనల్ని మనం ఎదుటివాళ్ల చోట నిలబెట్టుకుంటే వాళ్ల బాధ తెలిసిపోతుందన్నది ఆ నమ్మకం. నీతి పుస్తకాలు అదే చెప్తాయి, వ్యక్తిత్వ వికాసం క్లాసులూ అదే చెప్తాయి. దీన్ని ముగ్గురు పరిశోధకులు, తల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలాస్ ఎప్లీ, ఒకటి కాదు రెండు కాదు, 25 ప్రయోగాలతో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ముఖం చూసి మనసులో ఏముందో చెప్పమన్నారు, నవ్వు నిజమో నటనో పోల్చమన్నారు, భార్యాభర్తల్లో ఒకరి ఇష్టాయిష్టాలు రెండోవారిని చెప్పమన్నారు. కొందరికి మాత్రం "అవతలి మనిషి చోట మిమ్మల్ని ఊహించుకుని చెప్పండి" అని ప్రత్యేకంగా సూచించారు. అలా ఊహించుకున్నవాళ్ల జవాబులు మిగతావాళ్ల జవాబులకంటే మెరుగ్గా లేవు. మొత్తం మీద చూస్తే కాస్త తప్పాయి కూడా. కొన్ని ప్రయోగాల్లో వాళ్లకు పెరిగింది ఒక్కటే, తాము చెప్పిందే సరైనదన్న ధీమా. ఫలితం నిజంగా మెరుగైంది ఎప్పుడంటే, అవతలి మనిషితో ముందుగా మాట్లాడి, అడిగి తెలుసుకునే అవకాశం ఇచ్చినప్పుడు. ఇంత చిన్న విషయం తేలడానికి 25 ప్రయోగాలు కావాలా అని మీకు అనిపించవచ్చు. కావాల్సిందే. ఎందుకంటే "ముప్పై ఏండ్లు కాపురం చేసినా, ఆమె మనసు నాకు తెలీదా" అనే మనిషి ఆ ముప్పై ఏళ్లలో ఆమెను ఎన్నిసార్లు అడిగాడో ఎవరూ లెక్క తీయరు. తెలిసిన మనిషి అన్న నమ్మకమే అడగనివ్వకుండా అడ్డం పడుతుంది. కొత్తవాళ్లనైతే మర్యాద కోసమైనా అడుగుతాం.

ఊహ ఎంత దూరం తప్పగలదో చెప్పడానికి మన సీమ కంటే మంచి సాక్షి ఎక్కడుంది? 1997లో వచ్చిన ప్రేమించుకుందాం రా, 1999లో వచ్చిన సమరసింహా రెడ్డి, 2002లో ఒకే ఏడు వచ్చిన ఆది, ఇంద్ర, వాటి వెనక వరసగా దిగిన సినిమాలు కలిసి ఒక రాయలసీమను తయారుచేసి తెలుగువాళ్లందరికీ చూపించాయి. అందులో సుమోలు లేస్తాయి, కొడవళ్లు లేస్తాయి, నాటుబాంబులు పేలుతాయి. చీనీ తోటకు బోరు వేసి నీళ్లు పడక కూర్చున్న రైతు కనిపించడు. వేరుశనగ చేలో వాన కోసం ఆకాశం చూసే మనిషి కనిపించడు. ఆ సినిమాలు తీసినవాళ్లు సీమను ప్రేమించలేదని అనలేం, కొందరు సీమ మనిషిని దేవుడిని చేసి చూపించారు కూడా. వాళ్లు చేసిందల్లా ఊహించుకోవడమే. పగ పట్టిన మనిషి గుండెలో ఏముంటుందో తమ గుండెను బట్టి కట్టుకున్నారు. ఫలితంగా పులివెందుల నుంచి హైదరాబాదు హాస్టలుకు చేరిన పిల్లవాడిని తోటివాళ్లు మొట్టమొదట అడిగేది బాంబుల గురించే. ఆ ప్రశ్న కూడా తెలుసుకుందామని కాదు, తమకు తెలిసిందే వాడి నోటితో వినాలని అడిగేది. ప్రశ్న గుర్తు పెట్టినంత మాత్రాన అడిగినట్టు కాదని ఇక్కడే ఒక మాట అనుకుని ముందుకు పోదాం.

ఆసుపత్రి దగ్గరికి వద్దాం. లండన్ మిషన్ వాళ్లు జమ్మలమడుగులో పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి వందేళ్లు దాటిపోయాయి. వైద్యం కోసం ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని వెళ్లే అలవాటు ఈ ప్రాంతానికి అంత పాతది. ఇప్పుడు ప్రొద్దుటూరులో వీధికో నర్సింగ్ హోము ఉంది. వైద్యం పెరిగింది, పరీక్షలు పెరిగాయి. పెరగనిది రోగి చెప్పుకునే సమయం. హొవర్డ్ బెక్మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో 74 మంది రోగులు డాక్టర్లతో మాట్లాడిన మాటలను టేపు చేసి విని 1984లో ఒక వ్యాసం రాశారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్లు నూటికి 23 మందే. అమెరికాలోనే ఇలా ఉంటే మన ఓపీ వరసలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైగా మనవాళ్లు బాధ చెప్పే తీరు వేరు. ముసలామె వచ్చి "కాళ్లు గుంజుతాండాయి సామీ, కడుపులో దేవినట్లుంది, రాత్రంతా నిద్ర రాలేదు" అని మొదలుపెడుతుంది. కాళ్ల దగ్గరే ఆపితే నొప్పి మాత్ర రాసివ్వొచ్చు. ఇంకో నిమిషం ఆగితే నాలుగో మాట వస్తుంది. కోడలు కువైట్ పోయింది, చిన్న పిల్లవాడు తన దగ్గరే ఉన్నాడు, రాత్రిళ్లు వాడు ఏడుస్తాడు. నిద్ర లేకపోవడానికి మందు కాళ్లలో లేదని అప్పుడు తెలుస్తుంది. సహానుభూతి మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు దాన్ని రోగికి చేసే ఉపకారంగా చెప్తుంటారు. అది రోగ నిర్ధారణలో భాగమని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. మన దేశంలో వైద్య విద్యార్థులకు నడవడిక, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పే పాఠాలను 2019లో చేరిన బ్యాచి నుంచి ఎంబీబీఎస్‌లో తప్పనిసరి చేశారు. మంచి పనే. అయితే ఆ పాఠంలో కడప పల్లెల భాషకు చోటుందా, గుంజడమూ దేవడమూ ఏమిటో ఇంకో జిల్లా నుంచి వచ్చిన పిల్లవాడికి ఎవరైనా చెప్తున్నారా అన్నది కూడా అడగాల్సిన మాటే.

ప్రభుత్వం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే మన జిల్లాలో దీనికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి వదిలేశాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం డేరాల్లోనే గడిపి, ఊరూరూ తిరిగి, రైతులతో నేరుగా మాట్లాడేవాడని పేరు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. వేంపల్లి దగ్గర గండిలో బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందని కథ చెప్పుకున్నారు. ఆయన దేవుడేమీ కాదు, కుంపిణీకి శిస్తు వసూలు చేయడానికి వచ్చిన మనిషి. ఆయన వేసిన శిస్తు తేలికైనదీ కాదు. కానీ ఏడేళ్లు తిరిగి, విని, వెళ్లిపోయే ముందు 1807లో శిస్తు నూటికి పాతిక వంతు తగ్గించాలని పైకి రాశాడు. అప్పుడు పైవాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత తానే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక గానీ ఆ పని కాలేదు. "అడిగితే కడుపు నిండుతుందా" అనేవాళ్లకు ఇది సగం జవాబు. అడగడం వల్లనే పని అయిపోదు, కానీ ఏ పని కావాలో తెలిసేది అడిగినప్పుడే. ఇంకో సగం జవాబు బ్రౌన్ దొర దగ్గరుంది. కడపలో ఉద్యోగం మొదలుపెట్టి, ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు పుస్తకాలు ఎత్తి రాయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1832-33 నాటి నందన కరువులో గుంటూరులో పనిచేస్తున్నాడు. కుంపిణీ కాగితాల్లో దాన్ని కొరత అని రాస్తున్నారు. ఆయన కరువు అని రాశాడు. పైవాళ్లకు అది నచ్చలేదు. జనం వీధుల్లో చచ్చిపోతున్నప్పుడు ఒక మాట కోసం ఇంత పట్టింపా అనుకోవచ్చు. కానీ కొరతకు ఇచ్చే ఉత్తర్వులు వేరు, కరువుకు ఇచ్చే ఉత్తర్వులు వేరు. ఆఫీసు కాగితం బాధను ఏ పేరుతో పిలిస్తే సాయం కూడా ఆ పేరు మేరకే వస్తుంది.

ఈ సంగతి ఇప్పటికీ మారలేదు. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి సాయం ఇవ్వడానికి 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో తెచ్చింది. ఆర్డీవో, పోలీసు డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ కలిసి ఊరికి వెళ్లి విచారించాలి. అప్పట్లో లక్షన్నర దాకా వచ్చేది, తర్వాత ప్రభుత్వాలు ఆ మొత్తాన్ని పెంచాయి. జీవో వెనక ఉద్దేశం దయే. విచారణ ఎలా జరుగుతుందో ఊహకు తెచ్చుకోండి. జీపు వచ్చి ఆగుతుంది, ఊరంతా చేరుతుంది, ఆమెను పిలుస్తారు. "పాసు పుస్తకం ఉందా? అప్పు ఎంత? ఎవరి దగ్గర? నోటు రాయించుకున్నాడా? తాగే అలవాటు ఉండిందా?" ఇవేవీ అక్రమమైన ప్రశ్నలు కావు, ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు అడగాల్సినవే. కానీ వాటికి ఒక వరస ఉంది. ఆ వరస కాగితం కోసం పెట్టింది, ఆమె కోసం పెట్టింది కాదు. తాగుడు ప్రశ్న మొదట వస్తే మిగతా జవాబులన్నీ తడబడతాయి. భూమి కౌలుకు చేసినాడు, పాసు పుస్తకం ఇంకొకరి పేరున ఉంది, అప్పు నోటి మాట మీద తెచ్చినాడు అని చెప్పాల్సిన మనిషి "లేదు సార్" అని రెండు మాటల్లో ముగిస్తుంది. అదే మొదట "ఈ ఏడు ఏం పెట్టినారమ్మా, ఎంత పెట్టుబడి అయింది?" అని అడిగితే ఆమె చేను దగ్గర మొదలుపెడుతుంది. విత్తనం ఎవరి అంగట్లో తెచ్చినారు, మందులు ఎవరు అప్పు ఇచ్చినారు, బోరు ఎన్నోసారి ఎండింది, ఎవరు ఇంటి మీదికి వచ్చి గట్టిగా అడిగినారు అన్నీ వస్తాయి. కాగితం నింపడానికి కావాల్సినవన్నీ అందులోనే ఉంటాయి, కాగితంలో గడి లేని సంగతులు కూడా ఉంటాయి. చావింటి దగ్గర మన ముసలమ్మలు చేసేది సరిగ్గా ఇదే. అధికారులకు ఆ ముసలమ్మల దగ్గర వారం రోజులు శిక్షణ ఇప్పిస్తే బాగుంటుందని ఎవరైనా అంటే నేను నవ్వను.

ఇంటి మాటల్లోకి వద్దాం. కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. అందులో ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. ఇప్పుడు సెల్‌ఫోను చౌక, వీడియో కాలు చౌక. రోజూ ముఖం చూసుకోవచ్చు. ఆ కాల్లో జరిగే సంభాషణ ఎక్కువగా ఇలా ఉంటుంది. "బాగుండావా?" "ఆఁ, బాగుండా. మీరు?" "మేమూ బాగుండాం. డబ్బులు అందినాయి." రెండు వైపులా అబద్ధమే, రెండు వైపులా ప్రేమతోనే. అక్కడామె పని ఎక్కువని చెప్పదు, ఇక్కడామె బిడ్డకు బాగలేదని చెప్పదు. ప్రశ్న ఎంత పెద్దదైతే అబద్ధం అంత సులభం. "బాగుండావా" అన్నది అడిగినట్టే ఉంటుంది గానీ, దానికి జవాబు ముందే తయారై ఉంటుంది. "ఈపొద్దు ఏం తింటివి? ఎన్ని గంటలకు తింటివి?" అని అడిగి చూడండి. మధ్యాహ్నం భోజనం నాలుగు గంటలకని తెలిస్తే మిగతాది అదే తెలుస్తుంది. చిన్న ప్రశ్నకు అబద్ధం చెప్పడానికి కాస్త ఆలోచించాలి, ఆ ఆలోచించే క్షణం అవతలి చెవికి వినిపిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో చావు కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వంద చేరడం గురించి ఎక్కువ చెప్పను. వాటివల్ల నష్టమేమీ లేదు, కానీ బొమ్మ పెట్టినవాళ్లు పలకరింపు అయిపోయిందని అనుకుంటేనే ఇబ్బంది.

ఇప్పుడు నా వాదానికి ఎదురు నిలిచే మాటలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే బలమైనదానికి సాక్ష్యం మన నేల మీదే ఉంది. పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2016లో సహానుభూతికి వ్యతిరేకంగానే ఒక పుస్తకం రాశాడు. ఇతరుల బాధను మన గుండెలోకి తెచ్చుకోవడం న్యాయానికి దారి చూపదని, దగ్గరివాళ్ల మీదే ఆ వెలుగు పడుతుందని, ఒక్కోసారి అదే హింసకు ఆజ్యమవుతుందని ఆయన వాదన. ఫ్యాక్షన్ చూసిన నేల మీద ఉన్నవాళ్లం ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫ్యాక్షన్ ఊళ్లలో మనుషులకు గుండె లేదనుకోవడం పొరపాటు. చంపబడినవాడి ఇంటికి వందల మంది వెళ్లినారు, అతని తల్లి ఏడుపుకు వాళ్ల కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, ఆ కన్నీళ్లలోంచే ఇంకో చావుకు మాట ఇచ్చినారు. నేను ఇందాక మెచ్చుకున్న పలకరింపే పగకు బడి అయిన సందర్భాలు ఉన్నాయని ఒప్పుకోవాల్సిందే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఇంట్లో వచ్చినవాళ్లు పంచుకున్నది కోపం. ఏడుస్తున్న తల్లిని "నీకేం కావాలమ్మా" అని అడిగినవాళ్లు ఎందరు? ఆమె తరఫున ఏం కావాలో ఊరి పెద్దలు నిర్ణయించేశారు. పగ తీర్చుకోవడమే ఆమెకు ఓదార్పని ఊహించుకున్నారు. అడిగి ఉంటే ఉన్న ఒక్క కొడుకునైనా చదివించుకోనివ్వమని చాలామంది తల్లులు అనేవాళ్లు. రెండు వర్గాల ఇళ్లలోనూ మిగిలిపోయిన ఆడవాళ్ల బతుకులు చూస్తే అలా అనుకోవడానికి కారణం కనిపిస్తుంది. కాబట్టి బ్లూమ్ చెప్పింది అంటుకునే బాధ విషయంలో నిజం. అడిగి తెలుసుకున్న బాధ విషయంలో అంత నిజం కాదు. ఎందుకంటే అడగడం మొదలుపెట్టినవాడు ఏదో ఒక రోజు అవతలి వీధిలోని ఇంకో తల్లిని కూడా అడగాల్సి వస్తుంది. రాజీలు కుదిరిన ఊళ్లలో ఆ పని ఎవరో ఒకరు చేసే ఉంటారు.

రెండో ఆక్షేపణ మర్యాదకు సంబంధించినది. అందరినీ అన్నీ అడుగుతూ పోతే అది ఆరా తీయడం అవుతుంది గదా అంటారు. నిజమే. రెండో బొంబాయి అని పేరు పడిన ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లు వరసగా ఉంటాయి, కొనడానికి వచ్చేవాళ్లు ఎంతమందో కుదువ పెట్టడానికి వచ్చేవాళ్లూ అంతమందే. మెడలో గొలుసు తీసి కొంగులో చుట్టుకుని వచ్చిన ఆమెను, పది మంది కూర్చున్న చోట "ఏమ్మా, ఏం కష్టం వచ్చింది?" అని అడిగే సేటు ఎంత మంచి మనసుతో అడిగినా ఆమెను వీధిలో నిలబెట్టినట్టే. పండిన వ్యాపారి అడగడు. తూకం వేస్తాడు, చీటీ రాస్తాడు, మడిచి చేతికిస్తాడు, ఎప్పుడు వస్తే అప్పుడు విడిపించుకోవచ్చని గొంతు తగ్గించి చెప్తాడు. అడగకపోవడం కూడా ఇక్కడ ఎదుటివాళ్లను గమనించడమే. ఏది అడగాలో, ఎక్కడ అడగాలో తెలిసినవాడికే ఏది అడగకూడదో తెలుస్తుంది. వీళ్లు దురుసుగా మాట్లాడతారు, వీళ్లకెక్కడి సున్నితత్వం అని సీమ మాట గురించి బయటివాళ్లు అనేది కూడా ఇక్కడే కలుపుకోవాలి. మాట గరుకు వేరు, మనిషిని లెక్కచేయకపోవడం వేరు. "ఏమప్పా, తిన్యావా లేదా, కూర్చో ముందు" అనే కసురులో ఉన్న పట్టింపు, "మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం" అనే మెత్తని రికార్డు గొంతులో లేదు. పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి నడిపిన పత్రిక పేరు సంవేదన. అందులో ఆయన విమర్శలు కత్తిలా కోసేవి. అంత కటువుగా రాసే మనిషి పత్రికకు ఆ పేరా అని ఎవరైనా అడగొచ్చు. కానీ ఆయన పుస్తకం చదవకుండా కోయలేదు, అక్షరం అక్షరం చదివి కోశాడు. రాసినవాడిని పొగిడి పక్కన పెట్టేవాళ్ల కంటే ఆయనే ఎక్కువ గౌరవించాడని నా అభిప్రాయం.

ఇక చివరిది, అందరూ అనేది. అంత తీరిక ఎక్కడుంది? డాక్టరు బయట వంద మంది, కలెక్టరు బయట మూడు వందల మంది. దీనికి లెక్కతోనే జవాబు చెప్పొచ్చు. స్విట్జర్లాండులోని బాసెల్ ఆసుపత్రిలో డాక్టర్లు అడ్డుపడకుండా ఉంటే రోగులు ఎంతసేపు మాట్లాడతారో కొలిచి 2002లో ప్రకటించారు. 335 మంది రోగుల సగటు 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. వదిలేస్తే గంటల తరబడి చెప్తారన్న భయం కూడా ఒక ఊహే అని తేలింది. ఆసుపత్రికి ఈ జవాబు చాలు. ఆఫీసుకు చాలదు. మన రాష్ట్రంలో 2019 జూలైలో సోమవారం అర్జీల కార్యక్రమానికి స్పందన అని పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక అది ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయింది. పేరు ఏదైనా సోమవారం అదే, వరస అదే. మూడు వందల మందికి రెండేసి నిమిషాలంటే పది గంటలు. ఒక మనిషి చెవికి అది సాధ్యం కాదు, సాధ్యమని నటిస్తే మనిషి మొహం చూడకుండా అర్జీ మీద సంతకం పడుతుంది, కొన్నాళ్లకు అర్జీ ముగించామని ఫోనుకు కబురు వస్తుంది. అందుకే వినే పని జిల్లా కేంద్రంలో కాదు, ఊళ్లో జరగాలి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున ఉన్నాయి. అక్కడ రోజుకు పది మంది వస్తే, ఒక్కొక్కరికి రెండు కాదు పది నిమిషాలు ఇచ్చినా గంటా నలభై నిమిషాలే. అక్కడి ఉద్యోగి ముందు ఇప్పుడు కంప్యూటరు తెర ఉంది, తెర మీద నింపాల్సిన గడులు ఉన్నాయి. గడులు నింపే ముందు వచ్చిన మనిషి చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే, నాలుగు పంక్తులు రాయడానికి ఒక ఖాళీ చోటు ఉండాలి. ఆ నాలుగు పంక్తులు అర్జీతో పాటు జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసుకో, పులివెందుల ఆర్డీవో ఆఫీసుకో, కడప కలెక్టరేటుకో పోవాలి. అర్జీ ముగించే ముందు అక్కడి అధికారి దాన్ని చదివినట్టు సంతకం పెట్టాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అసలే అక్కర్లేదు. ఉన్న ఫారంలో ఒక గడి పెంచితే చాలు.